బుద్ధుడి గది గడప

శవం బుద్ధుడి గదిలో దొరికింది.

సార్జెంట్ టిన్ మో. బోర్లా పడి ఉన్నాడు. వీపులో తోటపని కత్తి. కాళ్లకి బురద బూట్లు.

సబ్-ఇన్‌స్పెక్టర్ తూజా గడప బయట తన షూస్ విప్పి లోపలికి వెళ్లింది. అప్పటికి పొద్దున పదకొండు గంటలు.

"రిపోర్ట్ రాసేశాం. పోలీసు సంతకం ఒక్కటే తక్కువ," అన్నాడు కెప్టెన్ నైంగ్ సో వరండాలోంచి. "పన్నెండింటికి కాపలా ముసలాణ్ణి కాల్చేస్తాం. మేడ తగలబెట్టేసి కదులుతాం."

"ఈలోపు నేను చూడొచ్చా?"

"చూసుకో. శవం లేచి పారిపోదుగా."

చింద్విన్ నది ఒడ్డున ఆ టేకు మేడ వందేళ్లకు పైగా నిలబడింది. యుద్ధం మొదలవగానే యజమానులు వెళ్లిపోయారు. తర్వాత సైన్యం దిగింది. చెక్కడాల తలుపులు పొయ్యిలోకి పోయాయి. హాల్లో సైనికులు బూట్లతోనే తిరిగారు, బూట్లతోనే పడుకున్నారు. ఊరి పోలీస్ స్టేషన్లో మిగిలింది తూజా ఒక్కతే. ఆమె పిస్తోలు కూడా వాళ్లే తీసేసుకున్నారు.

కాపలాదారు ఊ లూన్‌ని వరండా స్తంభానికి కట్టేశారు. చిన్నప్పుడు వరదలో తూజాని భుజాన వేసుకుని ఈ మేడ ఎక్కించిన మనిషి.

"కత్తి నీదేనా బాబాయ్?"

"నాదేనమ్మా. నిన్న పొద్దున్నే వీళ్లు లాక్కున్నారు."

"ఎవరు?"

"ఆ టోపీల కింద ఎవడెవడో నాకేం తెలుసు?" పగిలిన పెదవితోనే నవ్వాడు. "ముప్పై ఏళ్లు మేడకి కాపలా కాశాను. ఇప్పుడు నాకే ఇంతమంది కాపలా. నా యోగం చూడు!"

తూజాకి నవ్వు రాలేదు. ఆమె లోపలికి నడిచింది.

లోపల శవం దగ్గర కార్పొరల్ లిన్ నిలబడి ఉన్నాడు.

"సార్జెంట్‌కి ఎవరితోనైనా గొడవలున్నాయా?"

లిన్ వరండా వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆవలి ఒడ్డు ఊరిని తగలబెట్టమని ఆర్డర్ అక్కా. సార్జెంట్ గారు నా వల్ల కాదన్నారు. ఇంక నన్నడక్కు."

"ఈ గదిలోకి మీరు బూట్లతో వస్తారా?"

"అయ్యో! పాపం చుట్టుకోదూ?"

"మరి ఈయన వచ్చాడే?"

లిన్ శవం బూట్ల వైపు చూశాడు.

తూజా గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. నేల మీద ఎండిన నెత్తుటి చుక్కలు. వాటి మధ్య ఖాళీని చేత్తో కొలిచింది. ఇంకోసారి కొలిచింది. పన్నెండింటికి ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయి.

"అందర్నీ పిలవండి," అంది పైకి లేస్తూ. "బుద్ధుడి ముందే సంతకం పెడతాను."

సైనికులు వచ్చారు. గడప బయట బూట్లు గుట్టపడ్డాయి. కెప్టెన్ చివర్లో వచ్చాడు.

"పెట్టు."

"ముందు ఒక మాట. సార్జెంట్ తన కాళ్లతో ఈ గదిలోకి రాలేదు. వచ్చుంటే బూట్లు విప్పేవాడు. చంపినవాడే మోసుకొచ్చాడు. గడప దగ్గర శవాన్ని దించి, తన బూట్లు విప్పి పక్కన పెట్టాడు. మళ్లీ ఎత్తుకున్నప్పుడు చుట్టూ నెత్తురు చిందింది. బూట్లున్న చోట నేల మీద మాత్రం చుక్క పడలేదు. చూడండి. రెండు బూట్ల ఆకారాలు, శుభ్రంగా. ఊ లూన్ బాబాయ్‌కి బూట్లే లేవు."

ఆమె వంగి గుట్టలోంచి ఒక జత తీసింది. అన్నిటికీ బురద. దీనికి మాత్రం కొత్త పాలిష్. మిగతావాటికన్నా చిన్నది. తెచ్చి ఆ ఖాళీల్లో పెట్టింది.

కుండకి మూత పెట్టినట్టు సరిపోయాయి.

అందరి చూపూ కెప్టెన్ ఉత్త పాదాల మీద పడింది.

"మనిషిని పొడిచేటప్పుడు మీ చెయ్యి ఆగలేదు," అంది తూజా. "బుద్ధుడి గడప దగ్గర కాలు ఆగింది. ఇప్పుడు కూడా విప్పే వచ్చారు, కెప్టెన్ గారూ."

నైంగ్ సో నవ్వాడు. "అయితే అరెస్ట్ చేస్తావా? లాకప్ తాళమైనా ఉందా నీ దగ్గర?" పిస్తోలు తీశాడు. "లిన్! వెళ్లి ముసలాణ్ణి కాల్చెయ్."

లిన్ బయటికి వెళ్లాడు. తూజా కళ్లు మూసుకుంది.

తుపాకీ పేలలేదు. తాడు తెగిన చప్పుడైంది.

కెప్టెన్ గుమ్మం వైపు దూకబోయాడు. ఒక సైనికుడు అడ్డంగా నిలబడ్డాడు. అతని పక్కకి ఇంకొకడు.

"పరిగెత్తక్కా!" బయటినుంచి లిన్ అరిచాడు. "ఎంతసేపు ఆపగలమో తెలీదు!"

తూజా, ఊ లూన్ ఒడ్డున ఉన్న పడవని నీళ్లలోకి తోసేసరికి వెనక రెండుసార్లు తుపాకీ పేలింది. ఏటి మధ్యకి చేరేసరికి మేడలోంచి పొగ లేచింది. టేకు మెల్లగా అంటుకుంటుంది, అంటుకున్నాక ఆగదు. నెత్తుటి మరకలు, బూట్ల ఆకారాలు, సంతకం లేని రిపోర్ట్, అన్నీ అందులోనే ఉన్నాయి. లిన్ కూడా అక్కడే ఉన్నాడు.

ఊ లూన్ మేడ వైపు చూడలేదు. తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"చెప్పులు మెట్ల దగ్గరే వదిలేశానమ్మా."

తూజా పాదాలూ ఉత్తవే. ఆమె షూస్ ఆ గడప ముందే కాలిపోతున్నాయి. ఎదురుగా ఆవలి ఒడ్డు. ఊళ్లో పొయ్యిల పొగ సన్నగా లేస్తోంది. వాళ్లకింకా ఏమీ తెలీదు.

ఆమె రెండో తెడ్డు అందుకుంది.

"చెప్పులు తర్వాత చూద్దాం బాబాయ్. ముందు ఊరు ఖాళీ చేయించాలి. తెడ్డెయ్యి."