అరువు కుర్చీలు

పొద్దున తొమ్మిది కొట్టకముందే అట్టపెట్టెల గోదాములో తెల్లవారుజాము పని ముగించుకుని ఇంటికి వచ్చిన కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. వేరే ఇంట్లోకి వచ్చానేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది ఆమెకి.

నిన్నటిదాకా బోసిగా ఉన్న తలుపుకి పూల కర్టెన్ వేలాడుతోంది. ముందు గదిలో రెండు మెత్తటి కుర్చీలు, వాటి మధ్య గాజు బల్ల, బల్ల మీద బంగారు అంచు టీ కప్పులు. మూలన నిలువెత్తు ఫ్యాను తల అటూ ఇటూ తిప్పుతూ గాలి పోస్తోంది. మంచం మీద కట్టు కాలు చాపుకుని పడుకున్న భర్త, నేనేం చేయగలను అన్నట్టు ఆమె వంక దీనంగా చూశాడు.

వీటన్నిటి మధ్య మామగారు నున్నగా గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, పెళ్లికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నారు.

"ఎలా ఉందమ్మాయ్?" అన్నారు. "కుర్చీలు, బల్ల, కర్టెన్ టీచరుగారింట్లోవి. ఫ్యాను మేడ మీద వాళ్లది. సాయంత్రానికల్లా తిరిగిచ్చేస్తానన్నా. ఆఫీసు మనిషి మన ఇంటికొస్తుంటే బకెట్ బోర్లించి కూర్చోమంటామా ఏంటి?"

ఆమె గబగబా చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

తప్పు ఆమెదే. నాలుగు రోజుల కిందట, "ఈయన విషయం చూడటానికి ఆఫీసు నుంచి ఎవరో వస్తారట మామయ్యా" అని గొణిగింది. ఏ ఆఫీసో చెప్పలేదు. కొడుకు పని చేసిన కాంట్రాక్టరు ఆఫీసు అని పెద్దాయన తనంతట తానే అనుకున్నారు, ఆమె అనుకోనిచ్చింది. వచ్చేది సహాయ నిధి కార్యాలయం మనిషి. గడప దాటి లోపలికొచ్చి, ఉన్నవీ లేనివీ రాసుకుని, ఈ ఇల్లు సాయానికి తగిందా కాదా అని తేల్చే తనిఖీ ఆవిడ.

ఆమె భర్త భవనాలకి రంగులు వేసేవాడు. మూడో అంతస్తు దగ్గర తను నిలబడ్డ సారవ కర్ర విరిగి కింద పడితే ప్రాణం దక్కింది కానీ మోకాలు నుజ్జయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆమెని పక్కకి పిలిచి మరీ చెప్పాడు. ఆరు వారాల్లోపు రోజూ కసరత్తు చేయించే వైద్యం మొదలుపెట్టకపోతే ఆ మోకాలు ఇక జన్మలో వంగదని. నిధివాళ్ల కార్డు ఉంటే ఆ వైద్యం ఉచితం. లేకపోతే వాళ్ల తాహతుకి అందేది కాదు. నాలుగు వారాలు అప్పుడే గడిచిపోయాయి. రోజూ నిద్ర లేవగానే ఆమె మొదట చూసేది క్యాలెండరునే.

మరి ఈ సంగతి మామగారికి చెప్పొచ్చు కదా అంటే, ఆయన సంగతి తెలియనివాళ్లు అనాల్సిన మాట అది. ముప్పై ఐదేళ్లు లేతు మిషను ముందు నిలబడ్డ మనిషి. ఒక్కరోజు ఆలస్యంగా వెళ్లలేదని వీధి వీధంతా ఆయనకి టంచను తాతయ్య అని పేరు పెట్టింది. పెళ్లయి వచ్చిన పదకొండేళ్లలో ఆయన నోట ఆ ముక్క ఆమె ఎన్నిసార్లు విందో. "బీదరికం ఎవరికి వాళ్లు తెచ్చిపెట్టుకునేదేనమ్మాయ్. ఒళ్లు వంచని వాళ్లే చెయ్యి చాస్తారు." టీవీలో సహాయ కేంద్రం ముందు వరస కనిపిస్తే చాలు, ఛానెల్ మార్చేవారు.

మాటలతో ఆగినా బాగుండేది. ఎదురింటి ఇస్త్రీ అక్క మూడేళ్ల కిందట కంటి ఆపరేషన్ కోసం ఇదే నిధికి దరఖాస్తు పెట్టుకుంది. ఇరుగుపొరుగులో ఒకరి మాట తీసుకోవాలన్నది నిధివాళ్ల పద్ధతి. ఆ రోజు అడిగింది మామగారినే. "వాళ్లింట్లో ఫ్రిజ్ ఉంది. ఫ్రిజ్ ఉన్నవాళ్లు బీదవాళ్లెలా అవుతారు?" అన్నారు ఆయన. అది కాగితం మీదకెక్కింది, సాయం రాలేదు. ఆమె ఎడమ కంటిని తెల్లటి పొర కమ్మేసింది. అప్పటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. మామగారి చొక్కా ఇస్త్రీకి వెళ్లాలన్నా కోడలే తీసుకెళ్లాలి.

ఇవాళ తనిఖీ ఆవిడ ఎవరిని అడుగుతుంది? కోడలు ఎదురింటి వైపు ఒకసారి చూసింది.

"మామయ్యా, ఇవన్నీ తీసేద్దాం" అంది, ఒక కుర్చీ పట్టుకుని.

"ఎందుకు తీసెయ్యడం? పొద్దుటి నుంచి మోసి మోసి నా నడుం పడిపోయింది."

"అంటే... మరీ ఆర్భాటంగా ఉంది."

"ఉండనీ. మనల్ని చూసి అయ్యో పాపం అనుకుంటే పని ఇవ్వరు. బాగున్నవాళ్లమని తెలిస్తేనే ఇస్తారు."

ఆమె కక్కలేక మింగలేక నిలబడింది. చెప్పేయాలని నోరు తెరిచేలోపే తలుపు చప్పుడైంది. పది గంటలకని చెప్పి తొమ్మిదింటికే వచ్చింది తనిఖీ ఆవిడ. సర్దుకునే వ్యవధి ఇవ్వకూడదన్నది వాళ్ల ఎత్తు. ఈ ఇల్లు మాత్రం ఆవిడ కంటే ముందే సర్దుకుని కూర్చుంది.

ఆవిడ చూపు మొదట ఫ్యాను మీద పడింది. పెన్ను కదిలింది. తరవాత కర్టెన్, గాజు బల్ల, కప్పులు. ప్రతిదానికీ కాగితం మీద ఒక గీత. ఆ గీతలు భర్త మోకాలి మీదే పడుతున్నట్టు అనిపించింది కోడలికి.

"ఈ కుర్చీలు మీవేనా?" అంది తనిఖీ ఆవిడ.

"టీచరు..." అని కోడలు మొదలుపెట్టింది.

"మావేనమ్మా" అన్నారు మామగారు నిండుగా. "కూర్చోండి. మాకేం లోటు లేదు. వాడు లేచి నాలుగడుగులు వేస్తే చాలు. పని మాత్రం ఉంచమని మీ కాంట్రాక్టరుగారితో ఒక మాట చెప్పండి."

"కాంట్రాక్టరెవరండీ?" ఆవిడ కాగితం తిప్పి చూపించింది. "నేను సహాయ నిధి నుంచి వచ్చాను. మీకు జరుగుబాటు లేదని మీ కోడలు దరఖాస్తు పెట్టింది. లోటు లేకపోతే ఇదెందుకు?"

మామగారు ఆ కాగితం కేసి, తరవాత కోడలి కేసి చూశారు.

"నాకు తెలియకుండానా?" అన్నారు. గొంతు పెద్దది కాలేదు. అందుకే ఆమెకి ఎక్కువ భయమేసింది. "నేను బతికుండగా నా ఇంట్లోంచి ముష్టి కాగితమా? మేడమ్, ఆ దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాం. చింపేయండి."

"సంతకం నాది నాన్నా" అన్నాడు కొడుకు మంచం మీంచి. "తనని అనకు."

"నువ్వూరుకో. కాలు విరిగితే పౌరుషం కూడా విరుగుతుందేంట్రా?"

అంతవరకూ నీళ్లు నమిలిన కోడలికి ఆ మాటతో ఎక్కడ లేని తెగింపు వచ్చింది.

"పౌరుషంతో మోకాలు వంగదు మామయ్యా. ఆరు వారాలన్నాడు డాక్టరు, నాలుగు అయిపోయాయి. ఈయన ఒళ్లు వంచలేదా? ఎండలో, గాల్లో వేలాడుతూ పని చేసిన మనిషి కాదా? పడిపోవాలని కోరుకుని పడ్డారా? మీకు చెప్పకపోవడం నాదే తప్పు. చెబితే చింపేస్తారని భయపడ్డాను. ఇప్పుడు చింపమంటున్నారుగా."

మామగారు కొడుకు కట్టు కాలి వైపు చూశారు.

తనిఖీ ఆవిడ గడియారం చూసుకుంది. "మీ తగువు నేను తీర్చలేను. చూసింది రాశాను, పెద్దాయన అన్నది రాశాను. దాన్ని బట్టి అయితే ఈ ఇంటికి సాయం రాదు. పొరుగువాళ్ల మాట ఒకటి మిగిలింది. ఎదురుగా ఎవరుంటారు?"

ఆవిడే కర్టెన్ తొలగించి, రోడ్డవతల ఇస్త్రీ బల్ల దగ్గరున్న మనిషిని చెయ్యూపి పిలిచింది.

ఇస్త్రీ అక్క బొగ్గుల పెట్టె నిలబెట్టి, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం దగ్గరే ఆగింది. కుడి కన్నుతో గది అంతా ఒకసారి కలియజూసింది. అయిపోయింది, ఇక అయిపోయింది అనుకుంది కోడలు. భర్త మంచం కోడుని గట్టిగా పట్టుకుంది.

"వీళ్లు జరుగుబాటు ఉన్నవాళ్లా, లేనివాళ్లా? తెలిసింది చెప్పమ్మా" అంది తనిఖీ ఆవిడ.

ఇస్త్రీ అక్క కాసేపు మామగారి వంకే చూసింది. ఆయన తల తిప్పుకున్నారు.

"ఈ కర్టెన్ టీచరుగారిది" అంది నింపాదిగా. "కింద అంచు దగ్గర కాలిన మచ్చ ఉంది చూడండి. అది నేను చేసిన పాడు పని. పోయిన నెల చీవాట్లు కూడా తిన్నా. కుర్చీల గలీబులు కూడా వాళ్లవే, వారం వారం నా బల్ల మీదకే వస్తాయి. ఫ్యాను సంగతి మేడ మీద వాళ్లని అడగండి."

తనిఖీ ఆవిడ వంగి కర్టెన్ అంచు చూసింది. మచ్చ ఉంది.

"ఈ ఇంట్లోంచి నా దగ్గరికి వచ్చేది ఒకే ఒక్క చొక్కా. అదిగో, పెద్దాయన ఒంటి మీదున్నదే. కాలరు చిరిగితే ఈ అమ్మాయి తిప్పి కుట్టింది. రెండోవైపు కూడా చిరిగింది. అప్పుడు చొక్కా కింద అంచు కత్తిరించి, ఆ గుడ్డతో కాలరు వేసింది. లోపలికి దోపుకుంటారు కాబట్టి మీకు కనిపించదు. ఆ కుట్టు మీద పెట్టె మెల్లిగా పోనివ్వాలి, లేకపోతే విడిపోతుంది. ఈ అమ్మాయి చీర ఇస్త్రీకి వచ్చి ఏడాది దాటింది."

మామగారి చెయ్యి తనకి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్లింది. ఆ కాలరు సంగతి ఆయనకి ఈ క్షణం దాకా తెలియదు.

"వీళ్లంటే నీకు అభిమానమా?" అని అడిగింది తనిఖీ ఆవిడ, అనుమానంగా.

"అబ్బే. పెద్దాయన మీద నా కోపం పోలేదు, పోతుందని కూడా చెప్పలేను. చూసింది చెప్పమన్నారు, చెప్పాను. ఒక కంటితో చూసినా చూసిందే కదా." అనేసి వెనక్కి తిరిగింది.

"ఆగమ్మా" అన్నారు మామగారు.

మూడేళ్లలో ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. తనిఖీ ఆవిడ వైపు తిరిగారు. "మేడమ్, మూడేళ్ల కిందట ఈమె గురించి నేనో మాట రాయించాను. కిటికీలోంచి చూసి చెప్పిన మాట. ఒక్కసారి నాతో రోడ్డు దాటండి, ఆ ఫ్రిజ్ తెరిచి చూద్దాం."

"ఇప్పుడెందుకు మామయ్యా అదంతా?" అంది కోడలు. ఒడ్డుకి చేరిన పడవని ఆయనే మళ్లీ ముంచేస్తున్నారనిపించింది.

"మాట మారిస్తే ఇక మీ మాటకి విలువుండదు" అంది తనిఖీ ఆవిడ కూడా. "ఈ ఇంటి గురించి మీరు చెప్పింది కూడా నేను నమ్మలేను."

"నమ్మకండి. కుర్చీలు మావే అన్నాను కదా ఇందాక. అది కూడా అబద్ధమే."

ముందు ఆయన, వెనక తనిఖీ ఆవిడ, ఆ వెనక ఇస్త్రీ అక్క, కోడలు. ఇస్త్రీ అక్క ఇంట్లో మూలన ఆ ఫ్రిజ్ ఉంది. మామగారు తలుపు లాగారు. దీపం వెలగలేదు, చల్లదనం తగల్లేదు. లోపల అరల నిండా మడతపెట్టిన బట్టలు. వెనక వైరు లేదు, మోటారు ఉండాల్సిన చోట ఖాళీ.

"పాత సామాను కొట్టువాడు పారేస్తుంటే తెచ్చుకున్నా" అంది ఇస్త్రీ అక్క. "బొగ్గు మసి పడితే బట్టలు మళ్లీ ఉతకాలి. ఇందులో పెడితే పడదు. అప్పుడొచ్చిన తనిఖీ ఆయన గుమ్మంలోంచే చూసి వెళ్లిపోయాడు."

మామగారు ఆ తలుపు పట్టుకునే నిలబడిపోయారు. "తీసి చూడలేదు" అన్నారు. "రోడ్డు దాటి వచ్చి ఒక్కసారి తలుపు తీసి చూస్తే సరిపోయేది." చెంపల మీదకి జారిన కన్నీళ్లు ఆయన తుడుచుకోలేదు. ఇస్త్రీ అక్క ఒక పీట తెచ్చి ఆయన పక్కన వేసింది.

తనిఖీ ఆవిడ ఇస్త్రీ బల్ల మీదే కాగితం పెట్టుకుని పాత గీతలు కొట్టేసి, పక్కన చాలాసేపు రాసింది. ఒక చీటీ చింపి కోడలి చేతికిచ్చింది. "కార్డు వచ్చేదాకా ఇది చూపించండి. సోమవారం నుంచి వైద్యం మొదలుపెడతారు." ఇస్త్రీ అక్కతో, "నీ దరఖాస్తు మళ్లీ కొత్తగా పెట్టుకోవాలమ్మా. ఈయన వచ్చి రాసిస్తే పనికొస్తుంది" అంది.

ఇంటికి రాగానే కోడలు ఆ చీటీని భర్త చేతిలో పెట్టింది. మామగారు ఒక కుర్చీ ఎత్తుకుని టీచరుగారింటికి బయల్దేరబోయి, గుమ్మం దగ్గర ఆగారు.

"నన్ను చూస్తే అంత భయమా అమ్మాయ్?"

అబద్ధం చెప్పాలనిపించింది ఆమెకి. చెప్పలేదు. "భయమే మామయ్యా."

ఆయన తల ఊపారు. కుర్చీ కింద పెట్టి, కొడుకు మంచం దగ్గరికి వెళ్లి, కట్టు మీద మెల్లిగా చెయ్యి వేశారు. కొడుకు కళ్లు మూసుకున్నాడు.

"రేపు పొద్దున్నే నన్ను లేపు" అన్నారు కోడలితో. "ఎదురింటి ఆవిడతో సహాయ కేంద్రానికి వెళ్లాలి. వరస పెద్దదట కదా. ఎనిమిదింటికే నిలబడాలి."

"చొక్కా ఇస్త్రీకి ఇవ్వనా మామయ్యా?"

"వద్దు" అన్నారు ఆయన, కాలరు తడుముకుంటూ. "నేనే పట్టుకెళ్లి ఇస్తాను."