చివరి పడవ దాటిందా?

"వేగం పెంచు!"

"ఇంతకన్నా పెరగదు బాబూ... ఇంజనే చిన్నది!"

రాత్రి ఒంటిగంటా యాభై. ఆమ్‌స్టర్‌డ్యామ్ కాలువలో నీళ్లు తారులా నల్లగా ఉన్నాయి.

హిల్కా చుక్కాని పట్టుకుని నిలబడి ఉంది. అరచేతుల్లో చెమట. పట్టు జారుతోంది.

మూడడుగుల దూరంలో, క్యాబిన్ గుమ్మంలో కూతురు రెన్స్కా. పందొమ్మిదేళ్ల పిల్ల.

ఆ పిల్ల చెవి కింద తుపాకీ!

పట్టుకున్నవాడి పేరు తెలియదు. నల్లకోటు. చేతి మీద రక్తం... అది వాడిది కాదు. కిందటి వంతెన దగ్గర ఆగినప్పుడు గట్టు మీంచి పడవలోకి దూకాడు.

"ఎవర్ని చంపొచ్చావ్?" అని అడిగింది రెన్స్కా. పిల్లకి నోరాగదు! ఒక్కటిచ్చాడు. పెదవి చిట్లింది.

"రెండున్నరకల్లా కాలువ దాటి పెద్ద నీళ్లలో ఉండాలి. అక్కడ నాకు బోటుంది. నేనెక్కుతా, మీరు ఇంటికి పోతారు. లేదంటే..."

లేదంటే ఏమిటో హిల్కా అడగలేదు. తెల్లపూలు, శవపెట్టె, తవ్విన మట్టి... అడక్కుండానే అన్నీ కళ్లముందు కనబడుతున్నాయి.

వాడు చెప్పినట్టే చెయ్యాలి. అంతే! పిల్ల బతకాలి.

ముందు మూడు పడవలు. హిల్కాది నాలుగోది, చివరిది. తెరచాప కొయ్య ఎత్తుగా ఉన్న పడవలు రాత్రిపూట గుంపుగానే పోవాలి, వాటికోసం వంతెనలు ఒక్కొక్కటీ పైకి లేస్తాయి. గుంపంతా దాటాక వెనక వంతెన దిగుతుంది. అది దిగితేగానీ ముందుది లేవదు.

పైకి లేచి ఉన్న రైలు వంతెన వెనక్కి జరిగింది. దాటేశారు!

రేడియో గరగరలాడింది.

"ఏవమ్మా హిల్కా, నత్తతో పందెం కాశావా? చివరి పడవ దాటిందా?"

వంతెనలు నడిపే వూబే. ఏటా ఇదే ఎగతాళి.

హిల్కా మైకు మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు!"

"దాటానని చెప్పాలి! చెప్పకపోతే..."

"నాకు కథలు చెప్పకు!"

వాడు మైకు పట్టి లాగాడు. తీగ తెగింది. మైకు నీళ్లలో పడింది.

అయిపోయింది...

"ఎంత పని చేశావయ్యా! నేను చెప్పకపోతే వెనకది దిగదు, ముందుది లేవదు!"

"అబద్ధం!"

"నా కూతురి మీద ఒట్టు!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నాలుగు పడవలు ఊరికే ఊగుతున్నాయి.

ఒక నిమిషం... రెండు...

గట్టు మీది లౌడ్‌స్పీకర్లో వూబే గొంతు మోగింది. "హిల్కా! రేడియో పోయిందా? కెమెరాలో కనిపిస్తున్నావ్. దాటితే చెయ్యి ఊపు!"

హిల్కా వాడి వైపు చూసింది.

వాడు రెన్స్కాని క్యాబిన్ చీకట్లోకి లాగి తల ఆడించాడు.

ఆమె చెయ్యి ఎత్తింది. చెయ్యి గజగజ వణుకుతోంది. చూడు వూబే... ఈ వణుకు చూడు! ఒక్కసారి అనుమానపడు!

"అబ్బో, రాణీగారిలా ఊపుతున్నావే!" పకపకా నవ్వాడు వూబే. "ఆ రేడియో రేపైనా బాగుచేయించు!"

వెనక వంతెన దిగింది. ముందుది లేవడం మొదలైంది.

మెల్లగా... చాలా మెల్లగా...

అప్పుడే గట్టు మీద సైరన్! నీలిరంగు లైట్లు!

"పోనీ!" వాడు రెన్స్కాతో సహా గుమ్మంలోకి వచ్చాడు.

"ఇంకా సగమే లేచింది! కొయ్య తగులుతుంది!"

"పోనీ అంటుంటే!"

తుపాకీ రెన్స్కా కణత మీదికి వచ్చింది. పిల్ల కళ్లు మూసుకుంది.

ఇంకేం చేస్తుంది తల్లి?

ఇంజనుని పూర్తి వేగానికి తెచ్చింది. ముందున్న పడవల్ని రాసుకుంటూ దూసుకుపోయింది.

"ఏమ్మా, ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టొచ్చావా?" ముందు పడవలో కాఫీ గ్లాసు పట్టుకున్న ముసలాయన తిట్టాడు. "వరసలో రావడం తెలీదా?"

వంతెన మీది ఎర్రలైటు ఇంకా ఆరలేదు.

"ఆగవే హిల్కా! పిచ్చెక్కిందా?" లౌడ్‌స్పీకర్లో వూబే కేక.

ఫెళ్ళు!

కొయ్య వంతెనకి కొట్టుకుంది. పడవ ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

ఢాం!

తుపాకీ పేలింది. దీపాలు ఆరిపోయాయి. నీళ్లలో ఎవరో దబ్బున పడ్డారు!

ఒక్కరే...

ఎవరు?

"రెన్స్కా!"



హిల్కా చీకట్లో అంచు మీదికి వంగి నీళ్లలో దేవులాడింది. పైప్రాణాలు పైనే పోతున్నాయి.

చెయ్యి!

తడిచిన, చల్లటి చెయ్యి. రెండు చేతులతో పట్టుకుంది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది. నడుం విరిగిపోతున్నా లాగింది.

"వదలకు తల్లీ... అమ్మ పట్టుకుంది... వచ్చెయ్ నా బంగారం!"

ఆ చెయ్యి ఆమె మణికట్టుని గట్టిగా పట్టుకుంది. బరువు పైకి లేచింది. ఇంకొంచెం... ఇంకొంచెం...

వెనక, క్యాబిన్ లోపల్నించి మూలుగు.

"అమ్మా... నేనిక్కడున్నా..."