ఎండిన ఏట్లో నీళ్ల చప్పుడు

షెమ్సాకి అరవై ఒకటి. రోజూ పడుకోబోయే ముందు తేనెపెట్టెలకు ఒక్కోదానికీ చెవి ఆనించి, లోపల ఈగలు బతికున్నాయో లేదో వినడం ఆమె అలవాటు.

ఆ ఆగస్టులో మూడు పెట్టెలు మూగబోయాయి. బ్రెజ్నా ఏరు ఎండిపోయి ఈగలకు తాగను నీళ్లు లేవు మరి. ఇంకో నెల ఇలాగే గడిస్తే తక్కినవీ పోతాయి. ఇల్లు వదిలేసి పట్నంలో చెల్లెలి పంచన చేరాలి.

ఊళ్లో మాత్రం మాటలన్నీ ఏటి ఒడ్డున పాడుబడ్డ నీటి పిండిమర గురించే. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. పూర్వం మరవాడి పెళ్లాం హనీఫా అక్కడ మునిగి చచ్చిందట. ఇప్పుడు రాత్రయితే చాలు, చుక్క నీరు లేని ఏట్లోంచి నీళ్ల చప్పుడు వస్తోందట... ఏటిని తాగేసింది ఆవిడేనట!

బోస్నియా కొండల్లో ఏది మాయమైనా, నింద మొయ్యడానికి చచ్చిన ఆడదొకతె ఎప్పుడూ సిద్ధం.

"కరువు వదినా," అన్నాడు మరిది ముయో, కాఫీ చప్పరిస్తూ. ఏటి నీళ్లతో కరెంటు తీసే కంపెనీలో కాపలావాడతను. "జూన్ నుంచీ మిషన్లు ఆపేశాం. కొండలో నీళ్లుంటేగా!"

"నీళ్లు తక్కువైతే ముందు ఏటికి, తర్వాతే మీకు. ఊరి చేత సంతకాలు పెట్టించుకున్నప్పుడు మీ కంపెనీ అన్న మాటేగా?"

"అసలుంటే కదా వదలడానికి?"

"మరి రాత్రిపూట ఆ చప్పుడు?"

"హనీఫా. ఆడవాళ్లు మీరు అటు పోకండి."

"రాత్రంతా అక్కడే ఉంటావ్, నిన్నేం చెయ్యదా? ఎముకలే ఉన్నాయని వదిలేసిందా?"

ముయో నవ్వలేదు. కప్పు కింద పెట్టి లేచాడు.

ఆ రాత్రే బయల్దేరింది షెమ్సా. పొరుగింటి రజా వంతెన దాకా వచ్చి ఆగిపోయింది.

ఏట్లోకి దిగబోతూ, "బిస్మిల్లా," అంది షెమ్సా. చీకట్లో నీళ్లు దాటేటప్పుడు, అందులోని దయ్యాలు తప్పుకోవాలని, దేవుడి పేరు తలిచే ఆ మాట అనకుండా అడుగెయ్యరు అక్కడ.

"నీళ్లే లేవుగా అక్కా... ఎవరికి చెబుతున్నావ్?"

షెమ్సా ఎండు రాళ్ల మీద ఒక్కో అడుగూ వేసింది. మర నల్లగా నిలబడి ఉంది. గాలి లేదు. ఆకు కదల్లేదు.

అప్పుడు వినిపించింది.

నీళ్లు... నిండుగా, ఆగకుండా... ఎక్కడో చాలా దగ్గరగా.

"అక్కా! వచ్చెయ్!" వంతెన మీంచి రజా కేకేసింది.

షెమ్సా మర లోపలికి తొంగి చూసింది. దుమ్ము, సాలెగూళ్లు. వెనకవైపుకి తిరిగింది. చప్పుడు పెరిగింది. గడ్డి మొలిచిన పొడవాటి దిబ్బ ఎక్కేసరికి — కాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది.

మోకాళ్ల మీద కూలబడి నేలకు చెవి ఆనించింది.

నిండు తేనెపెట్టెలా ఝుమ్మంటోంది.

"బతికే ఉంది రజా," అని గుసగుసలాడింది, వంతెన దగ్గర ఒంటరిగా ఉండలేక వెనకే వచ్చేసిన ఆమెతో.

"ఎవరు... హనీఫానా?"

"కాదే. ఏరు!"

రెండేళ్ల కిందట అందరూ చూస్తుండగానే కంపెనీవాళ్లు ఆ దిబ్బ కింద పైపు పూడ్చారు. గడ్డి మొలిచింది, ఊరు మరిచిపోయింది. పగలు మిషన్లకు తాళం, నీళ్లు కొండమీది మడుగులో బందీ. రాత్రి మిషన్లు తిప్పడానికి ఏరు మొత్తం ఆ పైపులోనే. కింద లోయలో కంపెనీ కిటికీ ఒకటి పచ్చగా వెలుగుతోంది. ఆ వెలుగులో ముయో కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు.

ఆ శుక్రవారం షెమ్సా కొండెక్కి, ఏటికి అడ్డుపడి నీళ్లను పైపులోకి మళ్లించే తలుపును గొడ్డలితో పగలగొట్టి, నీళ్లను ఏట్లోకి వదిలింది. తొమ్మిది రోజులు జైల్లో ఉంది.