రెండో తాళంచెవి

మెట్లెక్కి వచ్చిన పంతులమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగు చివర కట్టుకొచ్చిన ముడి విప్పి ఐలేశం బల్ల మీద కుమ్మరించింది. గుప్పెడు ఇసుక, దాంట్లో కలిసిన ఆముదం పొట్టు.

“గిది మా పిల్లల బువ్వ సారూ,” అంది.

అది 1966 ఎండాకాలం. నల్లగొండ బస్టాండు ఎదుట సైకిల్ షాపు మీది గదికి ‘ఐలేశం, ప్రైవేటు పరిశోధకుడు’ అని బోర్డు వేలాడి అప్పటికి ఆరేళ్లు. అంతకుముందు ఐలేశం కోర్టు అమీను. ఒక ముసలమ్మ ఇల్లు జప్తు చేసి రమ్మంటే ఆ కాగితాన్ని జడ్జి గుమాస్తా చేతిలోనే పెట్టి ఇంటికొచ్చేశాడు. అతని సహాయకుడు రాములు ఒకప్పుడు బస్సు కండక్టరు. సారు తుమ్మినా అందులో ఏదో తెలివి ఉంటుందని రాములు నమ్మకం. ఇసుకను చూడగానే వాడికి ఒళ్లు మండింది. వరసగా రెండేళ్లు వాన లేని జిల్లాలో పిల్లల నోటి దగ్గరి తిండి తీసినవాడు దొరికితే ఏం చేయాలో వాడు మనసులోనే ఒకటికి నాలుగు శిక్షలు అనుకున్నాడు.

మంచినీళ్లు తాగాక పంతులమ్మ చెప్పుకొచ్చింది. పేరు జానమ్మ. మర్రిగూడ పక్క పల్లెలో బడి నడుపుతుంది. బడిలోనే కరువు కేంద్రం. అమెరికా నుంచి ఓడల్లో వచ్చే గోధుమరవ్వ అక్కడ నూటనలభై మందికి వండి పెడతారు. సంచి మీదే రాసి ఉంటుంది, అమ్మరాదు, మారకం చేయరాదు అని. ఆ సాయానికి ఒక నిబంధనల పుస్తకం ఉంది. కులం, మతం చూడకుండా పెట్టాలి. ఒకరి పేరు ఒక్క లిస్టులోనే ఉండాలి. గోదాముకు రెండు తాళాలుండాలి, ఒక తాళంచెవి పంతులమ్మ దగ్గర, రెండోది ఊరివాళ్లు ఎన్నుకున్న మనిషి దగ్గర. రెండూ ఎప్పుడూ ఒకరి చేతికి పోకూడదు.

“నిన్న వంటామె గుర్వమ్మ ఒక సంచి కోసింది సారూ. గిది పడ్డది. మిగిలినవి తడిమి చూస్తే ఇంక నాలుగు గట్లనే ఉన్నయి. గురువారం పట్నం నుంచి తనిఖీ అధికారి వస్తున్నడు. నేను అమ్ముకున్ననంటరు. నన్ను జైల్ల ఏస్తే ఏసిరి. కేంద్రం మూస్తే ఆ పిల్లలు ఏం తింటరు సారూ?”

“నీ మీద పగ ఉన్నోళ్లెవరన్న ఉన్నరా?”

“ఎవ్వరు లేరు,” అంది జానమ్మ, కొంగు సర్దుకుని.

ఐలేశం పుస్తకం ఇమ్మని చేయి చాపాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ పుస్తకాన్ని మర్రిగూడ బస్సులో దారి పొడుగునా చదివాడు. దాంట్లో ఒక్క పేజీకి మాత్రం మూల మడత పెట్టి ఉంది. రాములు దాన్ని చూసి, పంతులమ్మ అక్కడిదాకా చదివిందేమో అనుకుని ఊరుకున్నాడు.

గోదాము బడి వెనకాల బండల కప్పు గది. చుట్టూ ప్రహరీ, మధ్య చిన్న వాకిలి. తాళాలు రెండూ చెక్కు చెదరలేదు. గోడకు కన్నం లేదు. లోపల పదిహేను సంచులు, అన్నీ ఒకే ఎత్తు, ఒకే బరువు. ఉత్త ఇసుకైతే సంచి సగానికే బరువు సరిపోయి వాలిపోయేది. పొట్టు కలిపింది అందుకే. ఎవడో తొందర లేకుండా తూచి మరీ నింపాడు.

“రాములూ, ఎలుకలను చూసినవా?” అన్నాడు ఐలేశం.

“ఎలుకలు ఏడున్నయి సార్?”

“అవి లేవు, వాటి పండ్లున్నయి చూడు.”

రాములు వంగి చూశాడు. ఇసుక ఉన్న ఐదు సంచులకూ మూతి కుట్టు దగ్గర ఎలుకలు కొరికిన గుర్తులు. నిజమైన రవ్వ ఉన్న పది సంచుల జోలికి అవి పోలేదు. ఆకలిగొన్న ఎలుకలు రవ్వను వదిలేసి ఇసుక సంచిని ఎందుకు కొరుకుతాయో వాడికి బోధపడలేదు. ఐలేశం ఆ ఐదింట్లో ఒక దాని దారం ఊడదీశాడు. అది సంచికి మొదట ఉన్న నూలు దారమే, పాత రంధ్రాల్లోంచే మళ్లీ కుట్టారు. కానీ తీగలాగా బిర్రుగా ఉంది. చెంబెడు నీళ్లలో వేసి కాసేపయ్యాక వేళ్ల మధ్య రుద్దితే జిగటగా జారింది. ఐలేశం దాన్ని వాసన చూసి, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

రవ్వ సంచులు తెచ్చేది బండి సోమన్న. ఊరంతా వాడి మీదే వేలు చూపింది.

“దార్ల మార్చినవంటున్నరు సోమన్నా.”

“ఇక్కడికొచ్చినంక మూతికుట్టు చూసి, తూకమేసి, ఇద్దరి ముందట దించుకుంటరు సారూ. నేను మార్చాలంటే బండి మీదనే కూసొని కుట్టాలె. నా ఎడ్లు లేవలేక పడుతున్నయి, నాకు గా సోకు ఏడికెల్లి వచ్చె?”

గుర్వమ్మను అడిగితే తల వంచుకుంది. “తాళంచెవి నా చేతికి ఎన్నడు రాలే,” అని మూడుసార్లు అంది. ఒక్కసారి అడిగితే మూడుసార్లు జవాబు ఎందుకో రాములుకు కూడా అనుమానం తగిలింది.

“ఆదివారం పొద్దున పంతులమ్మ ఏడికి పోతది?” అన్నాడు ఐలేశం.

“ప్రార్థనకు.”

“తాళంచెవి ఏడ పెడతది?”

గుర్వమ్మ పొయ్యిలోకి ఊదడం మొదలుపెట్టింది. పొయ్యిలో నిప్పు లేదు.

రెండో తాళంచెవి బీరప్ప దగ్గర ఉంది. గొర్లు కాచే కురుమల పెద్ద, ఊళ్లో మాట చెల్లే మనిషి. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్లు అందరికీ చేసినట్టే ఆయనకూ నడుము, మోకాళ్లు బిగుసుకుపోయాయి. గొర్లు సగానికి సగం చచ్చాయి. గొంగళ్లు నేసి కాలం వెళ్లదీస్తున్నాడు. వీళ్లు వెళ్లేసరికి వాకిట్లో ఉన్ని పోగు బారుగా చాపి ఉంది. ఆయన భార్య సత్తమ్మ కుండలోంచి ఏదో గంజి తీసి కుచ్చుతో పోగుకు రాస్తోంది. తల ఎత్తలేదు.

“ఐదు సంచులు పోయినయంట గదా బీరప్పన్నా.”

“పోయినయంట.”

“ఎవరు తీసుంటరు?”

“పుస్తకంల ఏమున్నదో గదే చేయుండ్రి. సంచి తక్కువైతే పంతులమ్మే జిమ్మేదారని నాలుగుసార్లు సదివి వినిపిచ్చింది.” బీరప్ప గొంతులో కోపం లేదు, జాలీ లేదు. “పుస్తకం అందరికీ ఒక్కటే గదా సారూ.”

వాకిలి మూల జొన్నలు దాచుకునే గొయ్యి, పాతర ఉంది. దాని నోటి మీద పేడా మట్టీ కలిపి కొత్తగా మెత్తిన పూత ఇంకా పగుళ్లు తేలలేదు. ఐలేశం దాని పక్కనే కాసేపు నిలబడి, చెప్పుకు అంటిన మట్టి దులుపుకుని బయటికి నడిచాడు.

గురువారం పొద్దున బడి పంచలో అందరూ చేరారు. తనిఖీ అధికారి కుర్చీలో, పక్కన పోలీసు జవాను. ఎదురుగా జానమ్మ, గుర్వమ్మ, సోమన్న. ఒక అరుగు మీద బీరప్ప, సత్తమ్మ. చుట్టూ పళ్లాలు పట్టుకుని పిల్లలు. రవ్వ సరిపోదని రెండు రోజులుగా సగం గరిటె పెడుతున్నారు. పిల్లల చూపంతా పొయ్యి మీదే ఉంది.

“కరువుల తిండి దొంగిలిస్తే రెండే కారణాలు,” అని మొదలుపెట్టాడు ఐలేశం. “తినాలె, లేకుంటే అమ్మాలె. గీ దొంగ తినలే. అమ్మలే. పైగా ఇసుక నింపి, సరిగ్గా తూచి, మీరొచ్చే దినానికి తయారుగ పెట్టిండు. వానికి రవ్వ పని లేదు సార్. పంతులమ్మ మీ ముందట నిలబడాలె, సంచి కోస్తే ఇసుక పడాలె. గదొక్కటే కావాలె వానికి. గుర్వమ్మ నాలుగు దినాలు ముందుగాల ఆ సంచి కోసుడు వాని లెక్కల లేదు.”

జేబులోంచి దారం తీసి అధికారి చేతిలో పెట్టాడు.

“సంచి మూతి ఊడదీసి మళ్ల కుట్టాలంటే ఎవరన్న ఉత్త దారంతోనే కుడతరు. కానీ పుట్టినకాడ్నించి మగ్గం మీద బతికినోని చెయ్యికి ఉత్త దారం ఆనదు. గంజి పెట్టంది దారమే కాదు వానికి. ఆలోచన లేకుండనే చింతగింజల గంజిల ముంచిండు, ఆరబెట్టిండు, కుట్టిండు. ఎలుకలు కొరికింది ఆ గంజి కోసం. గొంగడి నేసేటోళ్ల ఇల్లు ఈ ఊర్ల ఒక్కటే ఉన్నది.”

సత్తమ్మ చేతివేళ్లకు గంజి ఇంకా ఎండి ఉంది. ఆమె వాటిని దాచుకోలేదు.

“ఒక తాళంచెవి ఆయన దగ్గర్నే ఉన్నది. రెండోది?” ఐలేశం గుర్వమ్మ వైపు తిరిగాడు.

గుర్వమ్మ ఏడ్చేసింది. “పురుగు పడతది, సంచులు ఎండబెడతనని రెండు ఆదివారాలు అడిగిండు సారూ. పెద్దమనిషి గదా అని పంతులమ్మ నాకాడ పెట్టిపోయిన తాళంచెవి ఇచ్చిన. చెప్తే నా కొలువు పోతదని భయపడ్డ.”

“ఐతే ఆ రవ్వ ఎక్కడ?” అన్నాడు అధికారి.

“బీరప్పన్న పాతర నోటికి కొత్త పూత ఉన్నది. ఈ ఏడు గింజ పండలే. పండని ఏడు పాతర నోరు ఎవరు మెత్తుతరు సార్?”

జవాను లేవబోయాడు. బీరప్ప చేయెత్తి ఆపాడు. పట్టుబడ్డ దొంగ ముఖం ఎలా ఉంటుందో చూడాలని నాలుగు రోజులుగా కాచుకున్న రాములుకు ఆ ముఖంలో దొంగ కనబడలేదు.

“తవ్వే పని లేదు. నేనే తీసిస్త. పిడికెడు కూడ తగ్గలే. నేను తినలే, నా పెండ్లాం తినలే, ఉన్న గొర్లకు కూడ పెట్టలే,” అన్నాడు బీరప్ప. “మా బిడ్డ కొమురమ్మ కాన్పుకొచ్చింది. కల్వకుర్తి దిక్కు ఇచ్చినం. దాని మొగడు కూలికి బొంబాయి పోయిండు. ఇంట్ల జొన్న గటుక కూడ లేదు. బిడ్డను కన్న ఇరవై దినాల పచ్చి బాలింతను తోలుకొచ్చి గీ పంచలనే నిలబెట్టిన. పంతులమ్మా, దీనికింత పెట్టమన్న. ఏమన్నది? పేరు అవతలి జిల్లా లిస్టుల ఉన్నది, పెట్టొద్దు, పుస్తకం ఒప్పదన్నది. తాళంచెవి నా మొలతాడుకే ఉండె సారూ. దొంగతనం చేసి పెట్టలే. అడిగిన. చేయి చాపి అడిగిన. ముందు చంటిది పోయింది. ఎనిమిదో దినం తల్లి పోయింది. తెల్లారి మళ్ల నేనే వచ్చి తాళం తీసిన, పిల్లలకు పెట్టాలె గదా. పుస్తకం నా బిడ్డను తిన్నది. గదే పుస్తకం ఈమెను కూడ తినాలనుకున్న.”

రాములు అనుకున్న నాలుగు శిక్షల్లో ఒక్కటీ ఆ మనిషికి సరిపోలేదు.

ఐలేశం నిబంధనల పుస్తకం తెరిచి, మూల మడిచిన పేజీ దగ్గర ఆగాడు. ఒక్క క్షణం చదవకుండా మూసేస్తాడేమో అనిపించింది. అమీనుగా ఉన్నప్పుడు ఆయన కాగితం పక్కన పెట్టాడు. ఈసారి పెట్టలేదు.

“ప్రాణం మీదికొచ్చిన బాలింతకు, పేరు ఏ లిస్టుల ఉన్న సరే, పదిహేను దినాలు పెట్టొచ్చు. ఆనక రాసి పంపాలె. గీ పేజీల ఉన్నది.”

“ఐతే పెట్టొచ్చునా?” అన్నాడు బీరప్ప. “నా బిడ్డకు పెట్టొచ్చునా?”

“పెట్టొచ్చు.”

బీరప్ప మోకాళ్లు వంగవు. నిలబడినవాడు నిలబడే అరుగు గోడకు చేరగిలబడ్డాడు. అందరి చూపూ జానమ్మ మీదికి మళ్లింది. ఆమె ముఖంలో నెత్తురు లేదు.

“ఆఫీసోళ్లిచ్చిన తెలుగు కాగితంల గది లేదు,” అంది నెమ్మదిగా. “ఇంగ్లీషుది నేను చదువలే. కొమురమ్మ పోయిన మూడోనాడు చదివిన. ఆ మడత నేనే పెట్టిన. ఎవ్వరికి చెప్పలే. ఇయ్యాల్టి దాక దాచిన.”

అధికారి చాలాసేపు రాసుకున్నాడు. నష్టం ఎలా జరిగిందీ, సరుకు ఎక్కడ దొరికిందీ ఉన్నదున్నట్టు పైకి రాస్తే కేంద్రం మూయనక్కర లేదని అదే పుస్తకంలో ఉంది. పాతరలో ఐదు సంచుల రవ్వ వేపాకు పొగ వాసనతో శుభ్రంగా బయటపడింది. పరీక్ష చేసి పంపేదాకా దాన్ని వేరుగా పెట్టమన్నాడు. వంటామెకు, పంతులమ్మకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాడు. ఉన్న రవ్వతో ఆ రోజే నిండు గరిటె పెట్టమన్నాడు. జవాను బీరప్ప పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“రెండో తాళంచెవికి ఊరివాళ్లు ఇంకో మనిషిని ఎన్నుకోవాలి,” అన్నాడు అధికారి.

సత్తమ్మ లేచింది. తిన్నగా మొగుడి దగ్గరికి వెళ్లి, ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పుకుంది.

“నాకియ్యుండ్రి. నేనుంట,” అంది.

ఊరివాళ్లు సరేనని తలలూపారు. జానమ్మ మాత్రం, “అవ్వా, నిన్ను నేను రోజూ...” అని ఆగిపోయింది.

“రోజూ,” అంది సత్తమ్మ. “ఆదివారం కూడ వస్త. నేను రాంది నీ తాళం తెరుచుకోదు. నా మొఖం చూడంది నువ్వు ఒక్క గింజ పెట్టలేవు. పిల్లలు పెద్దగయ్యేదాక, వానలు పడేదాక, నేను పోయేదాక.”

ఊరి బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు రాములు ఉండబట్టలేక అడిగాడు. “సార్, ఆ పేజీ చదువకపోతే కేసు గాడికే ఒడిసేది గదా?”

“నా కేసు ఒడిసేది,” అన్నాడు ఐలేశం. “పంతులమ్మది ఒడిసేది కాదు.”

తెరిచిన ప్రహరీ తలుపులోంచి గోదాము ముందు ఇద్దరాడవాళ్లు నిలబడి ఉండటం అక్కడి నుంచి కనబడుతోంది. ముందు జానమ్మ తన తాళం తీసింది. సత్తమ్మ తొందరపడలేదు. జానమ్మ తల ఎత్తి తన కళ్లలోకి చూసేదాకా ఆగి, అప్పుడు తన తాళంచెవి తిప్పింది. వెనకాల పిల్లలు పళ్లాలు మోగిస్తూ వరుస కట్టారు.