పదకొండో రేవు ఉడుకు

తొమ్మిది దాటి పది నిమిషాలైంది. అప్పటికే నూకరత్నం మీటను యాభై మూడుసార్లు తొక్కింది. ఎదురుగా గాజు బల్ల మీద మూడువందల పన్నెండు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఆ మనిషి ఉడుకు, అంటే గుండెలో కంగారు ఎంతుందో చెప్పే అంకె. ఇరవై, ఇరవై నాలుగు, పద్దెనిమిది. ఏ అంకె అయినా అరవై దాటిందా, ఎర్రబడుతుంది. ఆ పేరు మీద వేలు ఆనించి కాలికింది మీట తొక్కాలి. పదకొండో రేవులో ఆ మనిషి మణికట్టు మీది బిళ్ళలోంచి చలువ మందు నరంలోకి దిగుతుంది. ఏడు ఊపిరులు తీసేలోగా అంకె ఇరవైకి వచ్చి పచ్చబడుతుంది. నాలుగు నిమిషాలకు మించి ఎవరి ఉడుకూ అరవై పైన నిలవకూడదు. అదే ఉద్యోగం.

మనిషి ఎక్కడున్నాడో బల్ల చెబుతుంది, ఎందుకు ఉడికిపోతున్నాడో చెప్పదు. చేపల వేలంపాటలో డెబ్భై రెండుకి ఎక్కిన ఒకావిణ్ణి దించింది. పరీక్ష హాల్లో ఒక పిల్లను దించింది. తొమ్మిదో వీధిలో ఒక కోడలు వంటింట్లో ఉన్నంతసేపూ పావుగంటకోసారి అరవై దాటుతుంది, అత్తగారు గుడికి వెళ్ళగానే తనంతట తానే పదిహేనుకి దిగిపోతుంది. ఆ పేరు ఎర్రబడినప్పుడల్లా నూకరత్నానికి నవ్వొస్తుంది. నవ్వుతూనే మీట తొక్కుతుంది.

నిమ్మళ భవనం మూడో అంతస్తులో అలాంటి బల్లలు అరవై ఉన్నాయి. వాటి ముందు కూర్చున్న అరవైమందికీ చేతులకు బిళ్ళలున్నాయి, వాళ్ళని దించే బల్ల పై అంతస్తులో ఉంది. అంతా నిమ్మళమే. మరి ఆ హాల్లో అడుగు పెడితే చూడాలి! ఒకాయన మోకాలు ఆగకుండా ఆడిస్తుంటాడు. ఒకామె గోళ్ళన్నీ కొరికేసి వేళ్ళ మీదికొచ్చింది. ఇంకొకాయన చొక్కా గుండీలు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి ఊడబెరుక్కుంటాడు. చలువ గుండెలో గుబులు తీస్తుంది గానీ కాళ్ళూ చేతుల సంగతి పట్టించుకోదు. దానికి ‘మిగులు’ అని ఒక పేరు పెట్టేసి పెద్దవాళ్ళు చేతులు దులుపుకున్నారు. విశాఖ అంతా అలాగే ఉంది, కుదురుగా నిలబడ్డ మనిషి కనిపించడు. నూకరత్నం ఈ నెలలో మూడు చీరల పైట అంచులు దారం దారంగా పీకేసింది. ఎందుకు పీకుతోందో అడిగితే ఆమెకే తెలియదు.

తొమ్మిదింబావుకి పోలమ్మ పేరు ఎర్రబడింది. పొద్దున్న ఏడునుంచీ ఆవిణ్ణి ఆరుసార్లు దించారు. ఏడోసారి దించేముందు మనిషితో మాట్లాడాలని రూలు. నూకరత్నం లైను కలిపి, నిమ్మళ భవనం నుంచి మాట్లాడుతున్నామనీ, ఏదైనా ఇబ్బందా అనీ, రోజూ అప్పజెప్పే పాఠం అప్పజెప్పింది.

ఇబ్బంది కాక మరేమిటని పోలమ్మ విసుక్కుంది. ఆవిడ మొగుడు ఎల్లాజీ బోటు నడిపే సరంగు. నిన్న సాయంత్రం ఆరుగురిని వేసుకుని వేటకి వెళ్ళాడు, ఏడింటికల్లా రేవుకి రావాల్సినవాడు ఇంకా రాలేదు. రేవు పక్కన రక్షణ గది ఉంది కదా, అక్కడికి వెళ్ళారా అని నూకరత్నం అడిగింది. ఒకసారి వెళ్ళిందట. బోటు పందొమ్మిది మైళ్ళ దూరంలో నిలబడి ఉంది, ఏడుగురి ఉడుకూ ఇరవై లోపే, వల వేసుకుని కూర్చుని ఉంటారు, ఇంటికెళ్ళి పడుకోమన్నారట.

"మళ్ళీ ఎల్దామనే బయల్దేరతన్నానమ్మా. సగం దారిలో మీరు దించీస్తన్నారు. దించీగానే, ఏటో పనున్నట్టు ఇంటికొచ్చీసి బియ్యం కడుగుతన్నాను. ఇప్పటికి మూడుసార్లు కడిగినాను ఆ బియ్యమే. ఆడు గుర్తొచ్చీసరికి మళ్ళీ వీధిలోకి పరిగెడతన్నాను."

నూకరత్నం బోటు వాళ్ళ అంకెలు తెరిచి చూసింది. రేవు దాటగానే వేటగాళ్ళ పేర్లు ఆమె బల్ల మీంచి కడలి బల్లకి పోతాయి. దానికి మనిషి ఉండడు, యంత్రమే చూసుకుంటుంది. ఏడుగురూ పచ్చగా ఉన్నారు. ఎల్లాజీ పక్కన పందొమ్మిది. అదే చెప్పింది, మీవారు చాలా నిమ్మళంగా ఉన్నారండీ అని.

"వలేసినాక ఆడు నిమ్మళంగా ఉంటాడేటమ్మా?" అంది పోలమ్మ. "పదకొండేళ్ళయింది మాకు పెళ్ళయి. వల నీళ్ళలో ఉన్నంతసేపూ ఆడు మనిసి కాడు. కూడా ఉన్నోళ్ళని తిడతాడు, సేపల్ని తిడతాడు, సంద్రాన్ని తిడతాడు. పందొమ్మిదంటే ఆడు మా ఆడు కాదు."

నాలుగు నిమిషాలు నిండబోతున్నాయి. నూకరత్నం రూలు ప్రకారం మీట తొక్కింది. అవతల పోలమ్మ గొంతు మెత్తబడింది. సరేనమ్మా, పొయ్యి మీద ఎసరు పెట్టాలి అని లైను పెట్టేసింది.

అక్కడితో ఊరుకోవచ్చు. ఆరేళ్ళుగా ఊరుకుంటూనే ఉంది. కానీ పైట అంచు పీకుతున్న వేళ్ళు ఎందుకో ఆగి, ఎల్లాజీ పాత లెక్కలు తిరగేశాయి. పోలమ్మ చెప్పింది నిజమే. వల వేసిన ప్రతి రోజూ ఆ మనిషి యాభై అయిదుకి తగ్గలేదు, అరవైకి ఎక్కలేదు. తిట్లతోనే సర్దుకుపోయేవాడు కాబోలు. మరి ఈవేళ పందొమ్మిదేమిటి? ఎవరికి ఎన్నిసార్లు పంపిందీ రాసుండే కడలి బల్ల చలువ పట్టీని తెరిచింది. తెల్లారి నాలుగున్నర నుంచి ఎల్లాజీకి యంత్రం నలభై ఒక్కసార్లు చలువ పంపింది. మిగతా ఆరుగురికీ దాదాపు అంతే. ఇంజను చూసే చినపోలయ్యకి యాభై.

నూకరత్నానికి గుండె గుభేలుమంది. రక్షణ గదివాళ్ళు చూసే అంకె దించాక మిగిలిన అంకె. దించకముందు ఎంత ఎక్కిందో వాళ్ళ తెర మీద రానే రాదు. తొంభై దాటి నాలుగు నిమిషాలు నిలిస్తేనే రక్షక నౌక కదులుతుంది. చలువ వచ్చాక ఆరేళ్ళలో ఎవరికీ తొంభై నిలవలేదు, నౌక కదలలేదు. సముద్రం మీద ప్రమాదాలే లేవని ఏటా సన్మానాలు కూడా చేసుకున్నారు, ఏం చెప్పమంటారు!

లేచి పర్యవేక్షకుడు త్రినాథరావు గారి దగ్గరికి పరిగెత్తబోయింది. అంతలో మణికట్టు దగ్గర చల్లగా తగిలింది. పై అంతస్తులో ఎవరో మీట తొక్కారు. ఏడు ఊపిరుల తర్వాత నూకరత్నం కుర్చీలో సర్దుకుని కూర్చుంది. నలభై ఒకటి మరీ అంత పెద్ద అంకేమీ కాదనిపించింది. యంత్రం చూసుకుంటోంది కదా అనుకుంది. తొమ్మిదో వీధి కోడలు ఎర్రబడితే దించింది. పరీక్ష హాలు పిల్లను మళ్ళీ దించింది.

చలువ పట్టీ ఇంకా తెరిచే ఉంది. ఎల్లాజీ అంకె ఆమె కళ్ళ ముందే నలభై రెండైంది. మళ్ళీ గుండె గుభేలుమంది, మళ్ళీ లేచింది, మళ్ళీ చలువ తగిలింది. ఈసారి ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది. బియ్యం కడుగుతున్న పోలమ్మకీ తనకీ తేడా ఏముంది? ఆ మంట చల్లారకముందే బిళ్ళ కింద గోరు దూర్చి లాగింది. కొక్కెం చర్మాన్ని గీరుకుంటూ ఊడివచ్చింది. దాన్ని సొరుగులో పడేసింది.

ఆరేళ్ళ తర్వాత భయం వచ్చి ఆమె మీద పడింది. కాళ్ళూ చేతులూ ఆడలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అమ్మో, మనుషులు ఇంతటిదాన్ని మోసుకుంటూ బజార్లకీ ఆఫీసులకీ ఎలా తిరిగేవారో అనుకుంది. అయినా ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలుస్తోంది, ఏడుగురు మనుషులు నీళ్ళలో ఉన్నారు.

బోటు వాళ్ళు రేవుకి దగ్గరపడ్డప్పుడు వాళ్ళ పేర్లు తిరిగి తీసుకునే అధికారం ఆమెకుంది. పందొమ్మిది మైళ్ళు దగ్గర కాదు. అయినా ఒక్కొక్క పేరూ నొక్కి, ఏడుగురినీ తన బల్ల మీదికి లాక్కుంది. ఇక యంత్రం వాళ్ళకి చలువ పంపదు. ఆమె పంపితేనే అందుతుంది.

నూకరత్నం బిళ్ళ ఊడిన సంగతి తెలిసి త్రినాథరావు గారు అప్పటికే వచ్చేశారు. చెడ్డవాడు కాదు, పండక్కి అందరికీ స్వీట్లు పంచే మనిషి. ఆమె చెప్పిందంతా విన్నారు, చలువ పట్టీ చూశారు. చూశాక కూడా తల అడ్డంగా ఊపారు. పైవాళ్ళకి రాద్దామన్నారు. రక్షణ గదికి ఫోను చేస్తే తొంభై దాటిన అంకె చూపించమంటారని ఆయనే చెప్పారు. ఈలోగా వాళ్ళని మళ్ళీ కడలి బల్లకి పంపేయమన్నారు.

"నీళ్ళలో ఉన్న మనిషికి ఒక్కసారి భయం ఎక్కిస్తే దూకేస్తాడమ్మా. ఆ పాపం మనకెందుకు?"

"దూకొచ్చు సార్. నాకూ అదే భయంగా ఉంది," అంది నూకరత్నం. "కానీ నలభై రెండుసార్లు భయపడ్డవాళ్ళు నలభై రెండుసార్లూ ఊరికే కూర్చుండిపోయారు. బోటులోకి నీళ్ళొస్తున్నా తోడాలని కూడా అనిపించి ఉండదు సార్ వాళ్ళకి. నాకు ఇందాక లేచి మీ దగ్గరికి రావాలని కూడా అనిపించలేదు."

బల్ల మీద ఏడు పేర్లూ కదిలాయి. ముప్ఫై. యాభై. అరవై దాటి ఎర్రబడ్డాయి. ఎనభై. ఎల్లాజీ తొంభై దాటాడు, వెంటనే మరో నలుగురు దాటారు. బల్ల మూల గడియారం నాలుగు నిమిషాల నుంచి వెనక్కి నడవడం మొదలెట్టింది.

త్రినాథరావు గారు ఉండబట్టలేక ఎల్లాజీ పేరు మీద వేలు ఆనించి మీట మీద కాలు వేయబోయారు. నూకరత్నం కుర్చీ పక్కనున్న మధ్యాహ్నం క్యారేజీ తీసి మీట కింద దూర్చింది. ఆయన తొక్కితే స్టీలు గిన్నె కిర్రుమంది, మీట దిగలేదు. ఆయన ఆమె ముఖంలోకి చూశారు. ఆమె ఏడుస్తోంది, కదలడం లేదు. ఆయనకు ఆ హాల్లో ఎవరైనా ఏడవగా చూసిన గుర్తులేదు. కాలు వెనక్కి తీసుకున్నారు.

నాలుగు నిమిషాలు అంత పొడుగని నూకరత్నానికి ఎప్పుడూ తెలియదు. చినపోలయ్య అంకె నూట ముప్ఫైకి పోయింది, అక్కడే కొట్టుకుంటోంది. ఏదో భరించలేనిది ఆ మనిషికి జరుగుతోంది, ఒక్క మీటతో ఆపొచ్చు. కానీ బోటులో ఏ ఒక్కరికి చలువ పంపినా గడియారం మొదటికొస్తుంది. తన చేత్తోనే ఒకణ్ణి చంపుతున్నానేమో అనుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బయటికే, దూకొద్దు బాబూ, దూకొద్దు అంటూ కూర్చుంది. చుట్టుపక్కల బల్లలవాళ్ళు మోకాళ్ళు ఆడించడం మానేసి ఇటే చూస్తున్నారు.

గడియారం సున్నాకి వచ్చింది. రేవులో ఆరేళ్ళుగా మోగని సైరను మోగింది. అది భవనం దాకా వినిపించింది.

రక్షక నౌక అక్కడికి చేరడానికి ముప్పావుగంట పట్టింది. నౌకవాళ్ళు లైనులో చెప్పింది హాల్లో అందరూ విన్నారు. బోటు అడుగున చెక్క విరిగి తొడల లోతు నీళ్ళున్నాయి. ఆరుగురు డబ్బాలతో, ఐసు పెట్టెల మూతలతో నీళ్ళు తోడుతున్నారు. చినపోలయ్య చెయ్యి మోచేతి దగ్గర విరిగి ఉంది. తెల్లవారుజామునే విరిగినా ఇంతసేపూ ఆ చేత్తోనే ఏదో సర్దుకుంటూ కూర్చున్నాడట. గంట క్రితమే ఉన్నట్టుండి కేకలు మొదలెట్టాడట. అందరూ బతికే ఉన్నారు, ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేమని నౌకవాళ్ళు అన్నారు. ఆ కేకలు తానే పెట్టించానని నూకరత్నానికి తెలుసు.

తర్వాత పోలమ్మకి లైను కలిపింది. ఆవిడ రేవులో ఉంది, సైరను విని పరిగెత్తుకుపోయింది. వెనకాల గాలి హోరు, ఆడవాళ్ళ గొంతులు. ఏడుగురూ దొరికారనీ, రెండు గంటల్లో రేవుకొస్తారనీ చెబితే అవతలనుంచి ఏడుపే వచ్చింది. పోలమ్మ పేరు పక్కన నూట పన్నెండు. మీట కింద క్యారేజీ అలాగే ఉంది.

"ఇంక దించెయ్యమ్మా, పాపం," అన్నారు త్రినాథరావు గారు మెల్లగా. నిజంగా జాలితోనే అన్నారు.

నూకరత్నం వంగి క్యారేజీ మీద చెయ్యి వేసింది. తీయలేదు. "పోలమ్మ గారూ, దించమంటారా?" అని అడిగింది. పదకొండో రేవులో ఒక మనిషిని ఆ మాట అడగడం అదే మొదలు.

పోలమ్మ ముక్కు చీది, గొంతు సవరించుకుంది. "వొద్దమ్మా. ఆడు ఒడ్డున దిగీదాకా వొద్దు. నాకు కంగారుగా ఉంది, ఉండనీ. ఇంతమందిమి ఉన్నాం ఇక్కడ, సూసుకుంటాం."

లైను తెరిచే ఉంది. పోలమ్మ పక్కనున్నవాళ్ళతో ఏదో అంటోంది, అటునుంచి ఎవరో ఏదో అడుగుతున్నారు, లోహపు బిళ్ళ రాళ్ళ మీద పడ్డ చప్పుడు వినిపించింది. బల్ల మీద పోలమ్మ అంకె ఆరిపోయింది, పేరు మాత్రం మిగిలింది. తర్వాత ఇంకొకటి ఆరింది. ఆ తర్వాత ఒకేసారి పదకొండు. రేవు వైపు నుంచి వీధుల్లోకి, ఇంటి తర్వాత ఇల్లుగా అంకెలు ఆరిపోతుంటే త్రినాథరావు గారు పైవాళ్ళకి చెప్పాలని ఫోను తీశారు. అవతల ఎత్తారు. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని బల్ల వంకే చూస్తూ నిలబడ్డారు.