చిప్ అంచున చిటికెడు పొడి

“నాలుగు గంటలకు టెస్ట్. సైంటిస్ట్ నూరీన్ చిప్ ఫెయిలైతే ప్రాజెక్టు మూత. ఆమె పన్నెండేళ్ల కష్టాన్ని విదేశీ ముఠా ఎగరేసుకుపోతుంది,” అన్నాడు చీఫ్ ఆ ఉదయం. “చిప్ అంచున ఇనుము పడకుండా చూడు షాబాజ్. తోడుగా ఏజెంట్ ఫర్హీన్ వస్తుంది.”

తోడుగా వచ్చిన ఫర్హీన్ మూడున్నరకే అతన్ని శ్రీరాంపూర్ ల్యాబ్ స్టోర్‌రూంలో పైపుకు కట్టేసి, నోటికి టేపు అంటించింది. బేడీలు అతనివే. బ్లేడు దాచిన వాచీ ఇప్పుడు ఆమె చేతికుంది. ల్యాబ్‌లో అతను దాచిన మైక్ నుంచి మాటలు వినిపించే ఇయర్‌పీస్ మాత్రం దయతలచి వదిలేసింది.

స్టోర్‌రూం కిటికీ అద్దంలోంచి ల్యాబ్ అంతా కనిపిస్తోంది. ఢిల్లీ ఆఫీసర్ వేషంలో, పట్టుచీరలో మెరిసిపోతూ ఫర్హీన్ చిప్ మీదికి వంగి పౌడర్ డబ్బా తెరిచింది. డబ్బా అడుగు నుంచి నల్లటి పొడి చిటికెడు రాలింది.

“అయ్యో, దుమ్ము పడింది!”

“బొగ్గు దుమ్ము మాకు అలవాటే, ఫికర్ చేయకండి మేడం,” నూరీన్ నవ్వింది. “గీ చిప్‌ల కరెంటు నడిమిట్ల పోదు, అంచు పొంటే పోతది. దుమ్మున్నా, గీత పడ్డా పక్కనుంచి సుట్టు తిరిగి పోతది గని వెనక్కి మళ్లదు. ఇనుమసొంటిది పడితేనే పరేషాన్.”

“అది ఇనుమే!” అని షాబాజ్ అరిచాడు. టేపు వెనక అది మూలుగైంది. బేడీలు గుంజాడు. మణికట్టు తెగింది, పైపు కదల్లేదు. ఇంత ట్రైనింగ్ అయినవాడు ఒక్క మాట చెప్పలేకపోతున్నందుకు ఏడుపొచ్చింది.

మూడు యాభై తొమ్మిది. నూరీన్ చిప్‌ను టెస్ట్ పెట్టెలోకి తోయబోతోంది.

“జర ఆగు బిడ్డా,” అన్నాడు అటెండర్ రాజయ్య. గనిలో బొగ్గు బెల్టు మీద ఇనుప ముక్కలు ఏరుతూ ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. జేబులోంచి దస్తీలో చుట్టిన అయస్కాంతం తీశాడు.

“అయస్కాంతమా! చిప్ పాడైపోతుంది!” ఫర్హీన్ కీచుమంది.

“తీసేస్తే దాని ప్రభావం పోతది మేడం,” అంది నూరీన్. “గట్ల చూడకుంటే ఆయనకు మనసున పట్టది.”

“నల్లగున్నదల్లా బొగ్గు గాదు బిడ్డా,” అంటూ రాజయ్య దస్తీతోనే అయస్కాంతాన్ని చిప్ మీద పట్టాడు.

పొడంతా ఎగిరి దస్తీకి అంటుకుంది. నూరీన్ మొహం మారిపోయింది. ఫర్హీన్ తలుపు చేరేలోగా అక్కడున్న ల్యాబ్ గార్డు గొళ్లెం పెట్టాడు. నాలుగింటికి మీటర్ ముల్లు అనుకున్న చోటే నిలబడింది.

దస్తీ దులపడానికి స్టోర్‌రూం తెరిచిన రాజయ్య షాబాజ్‌ను ఎగాదిగా చూసి, టేపు పీకాడు.

“ఎవలు బిడ్డా నువ్వు? ఈడ ఏం జేస్తున్నవ్?”

షాబాజ్ తన బేడీల వైపు చూసుకున్నాడు.

“చిప్‌కు కాపలా ఉన్నా, పెద్దయ్యా.”