సత్యానందం గారింట్లో ముసలి గొంతు

కైకలూరు దాటాక కొల్లేటి వైపు దిగే పుంత దారి ఒకటుంది. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో సన్నటి గట్టు, ఆ గట్టు చివర ఒంటరిగా ఒక పెంకుటిల్లు. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ గట్టు మీదకి ఆటోలు రావు. మేత బస్తాలు దింపే కూలీలు కూడా ఎండ ఉండగానే పని ముగించుకుని వెళ్ళిపోతారు.

ఎందుకంటే, రాత్రిపూట ఆ ఇంట్లోంచి ఒక ముసలావిడ గొంతు వినిపిస్తుంది.

"ఏవండీ... చాలా పొద్దుపోయింది... ఇక ఆపి పడుకోండి..."

అంతే. కాసేపాగి మళ్ళీ అదే మాట. తిట్టదు, ఏడవదు. బాగా అలిసిపోయిన మనిషి తలుపు పట్టుకుని నిలబడి చెప్పినట్టుంటుందట.

ఇందులో భయమేముంది, ఏ ఇంట్లోనైనా ముసలివాళ్ళుంటారు కదా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. ఆ ఇంట్లో ముసలావిడ లేదు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ లేదు. ఉన్నది సత్యానందం గారనే పెద్దాయన, ఆయన కూతురు కెజియా. సత్యానందం గారి భార్య మరియమ్మ గారు కామెర్లొచ్చి ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు.

మరి ఆ గొంతు ఎవరిది?

ఈ సంగతి నాకు చెప్పినవాడు మా తమ్ముడు జోగారావు. వాడికి తాడేపల్లిగూడెంలో పాత రేడియోలు, రికార్డు ప్లేయర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే కొట్టుంది. మోకాళ్ళ నొప్పులు, కళ్ళు మసకలు... కల్పించి చెప్పే ఓపిక వాడికి లేదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

ఒకరోజు కెజియా ఫోను చేసిందట. ఆవిడ కైకలూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. తండ్రికి మతిమరుపు ముదిరింది, ఆయన్ని చూసుకోవడంతోనే సరిపోతోంది.

"నాన్నగారి స్పూల్ టేపు రికార్డరు ఆగిపోయిందండి. అది వినకపోతే ఆయనకి నిద్రపట్టదు. ఆయన పడుకోకపోతే నాకు లేదు."

"కొట్టుకి పంపించండమ్మా, చూస్తాను."

"గుమ్మం దాటించనివ్వరండి, చిన్నపిల్లాడిలా ఏడుస్తారు. మీరే రావాలి." తర్వాత గొంతు తగ్గించి అంది - "నిన్న ఇంజెక్షన్ చేతిలో పట్టుకుని నిలబడే నిద్రపోయానండి. పేషెంటు పిలిస్తే ఉలిక్కిపడ్డాను. ఇంకోసారి ఎవరి ప్రాణం మీదకి తెస్తానో నాకే తెలీదు."

ఆ మాటకి వాడు కాదనలేకపోయాడు. కొట్టు కట్టేసి, సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు. కైకలూరులో దిగేసరికి చీకటి పడింది. ఆటో అబ్బాయి గట్టు మొదట్లోనే దించేసి, ఆ ఇంట్లో ముసలి గొంతు సంగతి చెప్పి, వెనక్కి తిప్పుకున్నాడు.

గట్టు మీద చెరువుల కాపలాదారు తాతాజీ బ్యాటరీ లైటు ముఖాన కొట్టి ఆపాడు.

"ఆ ఇంటికాండి? ఈ వేళప్పుడా?"

"మెషీను బాగుచెయ్యాలి. ఏం, ఆ గొంతు సంగతేనా?"

"నవ్వకండి. ఆ ముసల్ది నన్నూ పడుకోమనేదండి. నేను కాపలావాణ్ణి, పడుకుంటే నా ఉద్యోగం ఉంటదా?" అని, లైటు ఆర్పి గుసగుసగా అన్నాడట. "ఇప్పుడు కొన్నాళ్ళుగా వినపడటం లేదండి. వినపడినన్నాళ్ళూ ఇంట్లోనే ఉందన్న ధైర్యముండేది. ఇప్పుడెక్కడ తిరుగుతుందో ఏంటో!"

మావాడికి నవ్వొచ్చింది. మెషీను ఆగింది, గొంతూ ఆగింది. దెయ్యం సంగతి సగం తేలిపోయినట్టే.

కెజియా తలుపు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు. నిలబడే ఊగుతోంది. లోపలి గదిలో మంచం మీద సత్యానందం గారు కూర్చుని, దుప్పటి అంచుని మడతపెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడతపెడుతూ ఉన్నారు.

"మరియమ్మ వచ్చిందా?"

"వస్తుంది నాన్నా."

ముందు గదిలో బల్ల మీద మెషీను. ఆయన పెళ్ళైన కొత్తలో కొనుక్కున్నది. క్యాసెట్లు రాకముందు ఇవే ఉండేవి. రెండు పెద్ద చక్రాలు, ఒకదాని మీంచి టేపు రెండోదాని మీదకి చుట్టుకుంటుంది. వాడు మూత విప్పాడు. మోటారు నుంచి టేపుని లాగే చక్రానికి వెళ్ళే రబ్బరు బెల్టు కరిగి, తారులా మారి అంటుకుపోయింది. ఒక కెపాసిటర్ ఉబ్బి పగిలింది. పాత నూనె జిగురు కట్టింది.

ఓపికగా తారంతా స్పిరిటు గుడ్డతో తుడిచాడు. కెపాసిటర్ మార్చాడు. నూనె వేశాడు. కొత్త బెల్టు ఎక్కించి, వేగం సరిచూసి, మీట నొక్కాడు.

చక్రాలు కదిలాయి. చిన్న బుసలాంటి శబ్దం... తర్వాత -

"ఏవండీ! చాలా పొద్దుపోయింది. ఇక ఆపి పడుకోండి!"

ముసలి గొంతు కాదు. గలగలా, చలాకీగా... మాట చివర నవ్వాపుకుంటున్న ఒక పడుచుపిల్ల గొంతు. భర్త కొత్త మెషీను ముందు నుంచి లేవకపోతే కేకేసినట్టుంది. ఆయన అది కూడా రికార్డు చేసేశారు.

కెజియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మ... ఇంత చిన్నపిల్లా అండీ?"

లోపల్నుంచి సత్యానందం గారు చిరాగ్గా అన్నారు. "ఎవరే ఆ పిల్ల? ఈ వేళప్పుడు మనింట్లో ఏం పని? వాళ్ళింటికి పంపించెయ్. మరియమ్మేదీ?"

ఏం జరిగిందో మీకు అర్థమయ్యేట్టు చెబుతాను. కుట్టు మిషను తోలు బెల్టు వదులైతే ఏమవుతుంది? కింద ఎంత తొక్కినా పైచక్రం జారుతూ, నెమ్మదిగా తిరుగుతుంది. ఇదీ అంతే. ఏళ్ళు గడిచేకొద్దీ మెషీను బెల్టు సాగింది. టేపు నడక మందగించింది. టేపు మందగిస్తే అందులోని గొంతు బరువెక్కుతుంది, మాట ఈడుస్తుంది. ఒక్కరోజులో తెలిసే మార్పు కాదది. ఆయన జుట్టు నెరుస్తున్నకొద్దీ టేపులో ఆవిడ గొంతుకీ వయసు పడుతూ వచ్చింది. బతికుండగా ముసలితనం చూడని మనిషి, ఆ పెట్టెలో ఆయనతోపాటే ముసలిదైంది.

రోజూ రాత్రి ఆయన వెనక్కి తిప్పి తిప్పి వింటుంటే, గట్టు మీద జనం విన్న గొంతు అదే. జోగారావు మెషీనుని సరిగ్గా బాగుచేసి, ఆయన భార్యని ఆయనకి కాకుండా చేశాడు.

"పాతలాగే చేసెయ్యండి" అంది కెజియా. "మీకు దణ్ణం పెడతాను. ఆ పాత గొంతే కావాలి."

చెడగొట్టడం బాగుచెయ్యడం కంటే కష్టమట. వాడు సంచిలోని పాత బెల్టులన్నీ వెతికి, వదులుగా ఉన్నదొకటి వేశాడు. గొంతు తూలింది, తాగినవాడి మాటలా. ఇంకోటి వేశాడు. మరీ ఈడ్చింది. అది విని సత్యానందం గారు ఏడుపు మొదలెట్టారు. కెజియా లోపలికి వెళ్ళి మంచం పక్కన చాప మీద కూర్చుని, ఆయన పాదాలు ఒత్తుతూ ఉండిపోయింది.

"వస్తుంది నాన్నా... వస్తుంది..."

వాడూ అలిసిపోయాడు. పొద్దుటనుంచీ కొట్లో పని, ఆపైన ప్రయాణం. మెషీను లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకెయ్యడం వాడి అలవాటు. ప్లగ్గు పీకాడు. బెల్టు తీసి, చేతికి చుట్టుకుని, గోడకి చేరబడ్డాడు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామనుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

"ఏవండీ... చాలా పొద్దుపోయింది..."

అదే. తాతాజీ చెప్పిన గొంతు. నిదానంగా, బరువుగా, అలిసిపోయి...

"...ఇక ఆపి పడుకోండి..."

వాడు మెషీను వంక చూశాడు. చక్రాలు కదలటం లేదు. ప్లగ్గు నేల మీద పడి ఉంది. బెల్టు వాడి మణికట్టుకే ఉంది.

కెజియా అనుకరిస్తోందేమో, తండ్రి కోసం... అనుకున్నాడు. గోడ పట్టుకుని లేచి, గుమ్మంలోంచి తొంగిచూశాడు. ఆవిడ చాప మీద ఒక పక్కకి ఒరిగిపోయి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. సన్నగా గురక. తండ్రి చెయ్యి మంచం మీంచి జారి ఆవిడ తల మీద ఉంది. ఆయనా నిద్రపోతున్నారు.

గొంతు మళ్ళీ వచ్చింది. గదిలోంచే. దగ్గర్నుంచే.

కేక గొంతుదాకా వచ్చింది.

"మరి అరవలేదేంరా?" అన్నాను.

"అరిస్తే వాళ్ళు లేచిపోతారు కదక్కా" అన్నాడు. "ఎన్నాళ్ళకి పడుకున్నారో."

తలుపు తీస్తే కిర్రుమంటుందని బయటికీ వెళ్ళలేదు. కాలు కదిపితే చప్పుడవుతుందని ఉన్నచోటే గుమ్మం పక్కన కూలబడ్డాడు. ఆ గొంతు వస్తూ, ఆగుతూ, వస్తూనే ఉంది. తెల్లవార్లూ నోరు నొక్కుకుని కూర్చున్నాడు.

చెరువుల మీద వెలుగొచ్చే వేళకి అది ఆగింది. కెజియా లేచి బయటికొచ్చింది. రాత్రి చూసిన మనిషేనా అనిపించిందట. ముఖం తేటపడింది.

"నాకు తెలీకుండానే నిద్రపట్టేసిందండి. మధ్యలో వినపడింది... అదే గొంతు, కొంచెం కూడా తేడా లేదు. ఎలా కుదిర్చారండీ?"

"కుదిరిందమ్మా" అని గొణిగి, గబగబా మూత బిగించి, ఆవిడిచ్చిన కాఫీ కూడా సగం తాగి బయటపడ్డాడు.

బస్సు గణపవరం చేరాక, టిక్కెట్టు కోసం చెయ్యి చాపితే అప్పుడు కనిపించింది. బెల్టు ఇంకా మణికట్టుకే ఉంది.

ఇంటికెళ్ళి, మర్నాడు ఫోను చేశాడు.

"అమ్మా, ఒక భాగం వెయ్యడం మర్చిపోయానండి. అది లేకపోతే చక్రం తిరగదు. రేపొచ్చి వేసి వెళ్తాను."

అవతల కెజియా నవ్విందట. నిండా నిద్రపోయిన మనిషి నవ్వు.

"అంత దూరం ఎందుకండీ మీకు శ్రమ? రాత్రి కూడా చక్కగా పలికింది. నాన్నగారు అసలు మీట నొక్కనే లేదు, ఈలోపే మొదలుపెట్టేసింది."